లాగగలదు సరే, ఆపగలదా?

ఎండాకాలం ముదిరితే అనంతపురం చుట్టుపక్కల మెకానిక్కు షెడ్లకు గిరాకీ పెరుగుతుంది. ట్రాక్టర్లతో గాదు, పికప్పు బండ్లతో. టమాటాలు, చీనీ కాయలు మార్కెట్టుకు తోలుకునే చిన్న బండిని రైతు షెడ్డు ముందర నిలబెట్టి రెండు పనులు చెయ్యమంటాడు. ఒకటి, వెనక కమాన్ కట్టకు ఇంకో రెండు పట్టీలు ఎక్కించమంటాడు. రెండు, ట్రాలీ తగిలించుకునేదానికి వెనకాల ఒక హుక్కు వెల్డింగు పెట్టమంటాడు. ఒక పూటలో పని అయిపోతుంది. మరుసటి రోజు పొద్దున ఆ పికప్పు నీళ్ల ట్యాంకరును ఈడ్చుకుంటూ రోడ్డెక్కుతుంది.

ఈ మధ్య అట్లాంటి ఒక షెడ్డు దగ్గర మేము అరగంట కూర్చున్నాము. వచ్చిన రైతుకు నలభై ఏళ్లుంటాయి. మూడెకరాల చీనీ తోట ఉంది, బోరులో నీళ్లు దారం మాదిరి సన్నగా వస్తున్నాయి. "అన్నా, అయిదు వేల లీటర్ల ట్యాంకరు. లాగుతుందా?" అని అడిగాడు. మెకానిక్కు వయసులో పెద్దవాడు. తల ఎత్తకుండానే జవాబు చెప్పాడు: "లాగుతుందిలేప్పా. లాగేదానికేముంది? ఆపేదెట్లో అది అడుగు." రైతు నవ్వి ఊరుకున్నాడు. హుక్కు మాత్రం వేయించుకునే పోయాడు.

ఈ బండ్లను గురించి రెండు రకాల మాటలు వింటూ ఉంటాము. రైతుకు ఆశ ఎక్కువైందనీ, కట్టడి చెయ్యకపోతే మాట వినడనీ అధికారులు అంటారు. రోడ్డు మీద బండి ఆపి చలానా రాసి చేతిలో పెడతారు. ఇంకొందరు పెద్దమనుషులు ఇందుకు పూర్తి విరుద్ధం. చూశారా మన రైతు తెలివి, ఇనుప ముక్కతో లారీని తయారు చేశాడు అని మెచ్చుకుంటారు. మాకు ఈ రెండు మాటలూ రుచించవు. చలానా రాసినవారు ఆ బండి వెనకకు ట్యాంకరు ఎందుకు వచ్చిందని అడగరు. మెచ్చుకున్నవారు ఆ ట్యాంకరు ముందర కూర్చుని వాలు దిగరు.

ముందు ఎందుకు వచ్చిందో చూద్దాం. ఉమ్మడి అనంతపురం జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి 550 మిల్లీమీటర్లకు కొంచెం అటూ ఇటూ. నైరుతి మేఘాలు పడమటి కనుమలలోనే తమ నీళ్లు వదిలేసి, ఒట్టి గాలిగా మన మీదుగా పోతాయి. ఈశాన్య వానలు తీరం నుంచి ఇంత దూరం వచ్చేసరికి అలసిపోతాయి. 2022 ఏప్రిల్‌లో జిల్లాను రెండుగా చేసి రెండోదానికి పుట్టపర్తిని ముఖ్య పట్టణంగా పెట్టారు. బోర్డులు రెండయినాయి గానీ, వాన రెండింతలు కాలేదు. హంద్రీ-నీవా నీళ్లు శ్రీశైలం వెనుక నుంచి జీడిపల్లి జలాశయం దాకా వచ్చిన మాట నిజమే. పెద్ద కాలువలో నీళ్లు పారుతుంటే గట్టు మీద నిలబడి చూసిన రైతు, పిల్ల కాలువ తన చేని దాకా ఎప్పుడొస్తుందని ఏళ్ల తరబడి అడుగుతూనే ఉన్నాడు.

శనక్కాయ పోతే ఒక కారు పోతుంది. వచ్చే ఏడు మళ్లీ విత్తనం వెయ్యొచ్చు. చీనీ చెట్టు సంగతి అట్లా కాదు. నాటిన నాటి నుంచి కాపు పట్టేదాకా ఏళ్లకేళ్లు బిడ్డను సాకినట్లు సాకాలి. ఒక్క ఎండాకాలం నీళ్లు తప్పితే ఆ ఏళ్లన్నీ మంటలో కలిసినట్లే. అందుకే తోట ఉన్న రైతు అప్పు చేసైనా ట్యాంకరు తోలుతాడు. 2002, 2003 కరువులోనూ అట్లే తోలారు, ఆ తర్వాతి కరువుల్లోనూ తోలారు. 2016 ఆగస్టులో శనక్కాయ ఎండుతున్నప్పుడు ప్రభుత్వం వారు రెయిన్ గన్లు తెచ్చి రక్షక తడి అన్నారు. ఆ గన్నుకు నీళ్లు ఎక్కడివంటే, కుంట లేని చోట మళ్లీ ట్యాంకరే దిక్కు.

లెక్క చూడండి. 20 అడుగుల ఎడంతో నాటితే ఎకరాకు 108 చెట్లు వస్తాయి. కాపుకొచ్చిన చెట్టు అడిగినన్ని నీళ్లు ఇవ్వడం ఎట్లాగూ కుదరదు. ప్రాణం నిలబెట్టేదానికి తడవకు చెట్టుకు 50 లీటర్లు పోశామనుకుందాం. ఎకరాకు 5,400 లీటర్లు. మూడెకరాలకు 16,200 లీటర్లు. అయిదు వేల లీటర్ల ట్యాంకరైతే మూడు ట్రిప్పులు, ఇంకా కొంత మిగులు. పికప్పు తొట్టిలో వెయ్యి లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకు పెట్టుకుని తోలితే పదహారు ట్రిప్పులు. అదీ ఒక్క తడికి. ట్రాక్టరు ఉన్నవాడికి బాధ లేదు. లేనివాడు ట్రిప్పుకింత అని కిరాయి కట్టాలి. ఎండాకాలంలో ఆ కిరాయి ట్రాక్టరు ఆసామి ఏదంటే అది. ఇంటి ముందర పికప్పు ఉంది. దానికి నెలనెలా ఫైనాన్సు కంతు కడుతున్నాడు. టమాటా లేని రోజుల్లో అది నీడకు నిలబడి ఉంటుంది. "కంతు కట్టేది దీనికి, కిరాయి ఇచ్చేది దానికా?" అని రైతుకు తోచడంలో తప్పేముంది? అక్కడ పుట్టిందే ఈ హుక్కు.

పైగా కంపెనీల కాగితాలు చూస్తే రైతు మోసపోవడానికి కారణం కూడా కనబడుతుంది. మామూలు ట్రాక్టరు ఇంజను 45, 50 గుర్రాల శక్తి. పికప్పు ఇంజను 70 దాటి ఉంటుంది. యాభై గుర్రాలు లాగేదాన్ని డెబ్బై గుర్రాలు లాగలేవా అంటాడు రైతు. లాగుతాయి. చదునైన రోడ్డు మీద మొదటి గేరులో కదిలించి, క్లచ్చు కొంచెం కాల్చుకుని, పట్టుకుంటే పోతుంది. అయితే ట్రాక్టరు రెండు టన్నుల బరువుతో, మనిషి ఛాతీ ఎత్తు వెనక చక్రాలతో నేలను అదుముకుని నడుస్తుంది. దాని గేర్లన్నీ నిదానంగా, మొండిగా లాగడానికే చేసినవి. ట్యాంకరుతో గంటకు ఇరవై కిలోమీటర్లు పోతే ఎక్కువ. పికప్పు వేగంగా పోవడానికి, తన తొట్టిలో ఉన్నదాన్ని మొయ్యడానికి చేసిన బండి. మొయ్యడం వేరు, లాగడం వేరు. మూపు మీద మూట మోసే మనిషికీ, కాడికి కట్టిన ఎద్దుకూ ఉన్నంత తేడా.

ట్యాంకరు బరువు తీసుకోండి. అయిదు వేల లీటర్ల నీళ్లంటే అయిదు టన్నులు. ఇనుప ట్యాంకు, చక్రాలు, ఇరుసు కలిపి ఇంకో టన్ను పైన. మొత్తం ఆరు టన్నులు దాటుతుంది. ముందర లాగే పికప్పు ఖాళీగా రెండు టన్నులు కూడా ఉండదు. అంటే తనకు మూడింతలున్న దాన్ని వెనక కట్టుకుని పోతున్నది. లాగేటప్పుడు ట్యాంకరు పికప్పు మాట వింటుంది. బ్రేకు తొక్కినప్పుడు పికప్పే ట్యాంకరు మాట వినాలి. మన పల్లెల్లో తిరిగే ట్యాంకర్లలో చాలావాటికి సొంతంగా బ్రేకు ఉండదు. ఆరు టన్నులను ఆపే భారమంతా ముందున్న చిన్న బండి నాలుగు చక్రాల మీదే పడుతుంది. వేగం సంగతి ఇంకా చెడ్డది. ఇరవై మీద పోయేదాన్ని ఆపడానికి ఎంత శక్తి కావాలో, అరవై మీద పోయేదాన్ని ఆపడానికి దానికి మూడింతలు గాదు, తొమ్మిదింతలు కావాలి. ట్రాక్టరు వెనక సాధువుగా కనబడిన ట్యాంకరు పికప్పు వెనకకు రాగానే తొమ్మిదింతలు మొండిదైపోతుంది.

దీంట్లో ఇంకో తిరకాసు ఉంది. సగం నిండిన ట్యాంకరు నిండు ట్యాంకరు కన్నా ప్రమాదం. దారిలో రెండు వరుసల చెట్లకు పోసి, మిగిలిన నీళ్లతో పక్క చేనికి పోతుంటారు గదా, అప్పుడు బ్రేకు వేస్తే లోపలి నీళ్లన్నీ ఒక్కసారిగా ముందుకు ఉరికి గుద్దుతాయి. మలుపు తిప్పితే పక్కకు ఒరుగుతాయి. మంచి ట్యాంకరైతే లోపల అడ్డ రేకులు పెట్టి నీళ్ల ఉరుకుడును విరుస్తారు. మీ ట్యాంకరు మూత తీసి లోపలికి ఒకసారి తొంగి చూడండి. రేకులు ఉన్నాయో లేవో అప్పుడే తెలిసిపోతుంది.

హుక్కు విషయం. రెండు చక్రాల ట్యాంకరు తన బరువులో కొంత ముందరి బండి హుక్కు మీద వేస్తుంది. ఆరు టన్నుల్లో పదో వంతు వేసినా ఆరు వందల కిలోలు. ఆ హుక్కు ఉండేది వెనక ఇరుసుకు అవతల. ఏతాము ఎట్లా పనిచేస్తుందో రైతుకు ఒకరు చెప్పనక్కరలేదు. ఇరుసు మీద బండి తూగుతుంది. వెనక కిందికి అదిమితే ముందు పైకి లేస్తుంది. ముందు చక్రాలు తేలికైతే స్టీరింగు తిప్పినా బండి తిరగదు, ముందు బ్రేకులు పట్టినా టైరు నేలను పట్టదు. రాత్రిపూట హెడ్ లైట్లు రోడ్డు మీద గాక చెట్ల కొమ్మల మీద పడుతుంటే, ఆ బండి ఏతామైందని అర్థం చేసుకోవాలి.

ఇదిగో, ఈ వెనక కుంగుడును సరిచెయ్యడానికే రైతు కమాన్ పట్టీలు పెంచుతాడు. పట్టీలు వేశాక బండి నిటారుగా నిలబడుతుంది. చూసేదానికి బలంగా కనబడుతుంది. మాకు అన్నిటికన్నా భయం వేసేది ఈ బలాన్ని చూసే. పట్టీ పెంచితే పట్టీ మాత్రమే బలపడింది. ఇరుసు అదే, బేరింగు అదే, ఛాసీ అదే, బ్రేకు డ్రమ్ము అదే. ఇంతకు ముందు బరువెక్కువైతే బండి కుంగి రైతుకు చెప్పేది, చాలు నాయనా అని. ఇప్పుడు ఆ నోరు నొక్కేశాము. చెప్పే పని ఇక ఇరుసు విరిగి చెప్పాలి.

చాలామంది మెకానిక్కులకు కూడా పట్టని సంగతి ఒకటుంది. కొన్ని పికప్పులకు వెనక ఇరుసు దగ్గర ఒక చిన్న వాల్వు ఉంటుంది. దాని కడ్డీ ఒకటి ఇరుసుకు తగిలించి ఉంటుంది. బరువెక్కి తొట్టి కిందికి దిగితే ఆ వాల్వు వెనక బ్రేకులకు ఒత్తిడి ఎక్కువ వదులుతుంది. ఖాళీగా ఉంటే తక్కువ వదులుతుంది, ఖాళీ బండి వెనక చక్రాలు పట్టేసి జారకుండా. పట్టీలు పెంచిన బండిలో ఎంత బరువు వేసినా తొట్టి పెద్దగా దిగదు. వాల్వు లెక్కలో బండి ఖాళీగానే ఉంది. సరిగ్గా బ్రేకు ఎక్కువ కావలసిన రోజున అది తక్కువ ఇస్తుంది. పట్టీలు వేయించుకున్న రైతు సోదరులు ఆ వాల్వును మళ్లీ సరిచేయించారో లేదో షెడ్డులో అడిగి తెలుసుకోవాలి. ఒక స్పానరుతో అయ్యే పని. అడిగేవాడు లేక జరగదు.

ఇవన్నీ పుస్తకం మాటలని ఎవరైనా అనుకోవచ్చు. మాకు తెలిసిన ఒక కుటుంబం సంగతి చెబుతాము. ఊరి పేరు, మనుషుల పేర్లు వద్దు. అన్నదమ్ములిద్దరిదీ ఒకటే తోట, ఒకటే పికప్పు. ఊరి పక్క వంక దగ్గర కల్వర్టుకు దిగే వాలు ఉంది. పెద్ద వాలేం గాదు, రోజూ ఎద్దులు దిగేదే. డీజిలు కలిసొస్తుందని పెద్దవాడు గేరు తీసి న్యూట్రల్లో వదిలాడు. సగం ట్యాంకరు నీళ్లున్నాయి. కింద గొర్రెలు అడ్డం వస్తే బ్రేకు తొక్కాడు. వెనక ట్యాంకరు ఆగలేదు. పికప్పు తోకను పక్కకు నెట్టింది, బండి రోడ్డుకు అడ్డం తిరిగింది, తొట్టిలో పైపులు పట్టుకుని కూర్చున్న తమ్ముడు వంకలో పడ్డాడు. ప్రాణం దక్కింది. కాలు మూడు చోట్ల విరిగింది. ఆ ఎండాకాలం తోటకు నీళ్లు తోలేవాళ్లు లేక సగం చెట్లు ఎండినాయి. ఇన్సూరెన్సు వాళ్లు వచ్చి అన్నిటికన్నా ముందు ఫొటో తీసింది ఆ హుక్కును. బండి స్వరూపం మార్చారు, మాకు తెలియపరచలేదు, చెల్లదు అన్నారు. పదేళ్లుగా ఏటేటా ప్రీమియం కట్టించుకున్నప్పుడు బండి వెనకకు పోయి చూసినవాడు లేడు.

చట్టం ఏం చెబుతుందో రైతుకు తెలిసి ఉండడం మంచిది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, కంపెనీ రాసి ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ సంగతి గట్టిగా చెప్పింది. అదే ఏడు వచ్చిన సవరణలో అనుమతి లేని మార్పు ఒక్కొక్కదానికి అయిదు వేల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అని పెట్టారు. బరువు ఎక్కువ వేస్తే ఇరవై వేలు, ఎక్కువైన ప్రతి టన్నుకూ ఇంకో రెండు వేలు. ఉత్తరాదిన పంపుసెట్టు ఇంజను బిగించి నడిపే జుగాడ్ బండ్లు కూడా మోటారు వాహనాలేననీ, చట్టానికి లోబడాలనీ 2013లో సుప్రీంకోర్టు అన్నది. మన హుక్కు బండికి వేరే న్యాయం దొరుకుతుందని ఆశించలేము.

లైసెన్సు విషయంలో ఒక మంచి మాట ఉంది. మొత్తం బరువు 7,500 కిలోలు దాటని సరుకు బండిని మామూలు తేలిక వాహనం లైసెన్సుతోనే నడపవచ్చునని 2024 నవంబరులో అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం తీర్పు ఇచ్చింది. ప్రత్యేక బ్యాడ్జీ లేదన్న సాకుతో బీమా ఎగ్గొట్టే దారి దానితో మూసుకుపోయింది. పికప్పు నడిపే రైతులకు ఇది పెద్ద ఊరటే. కానీ ఆరు టన్నుల ట్యాంకరును వెనక తగిలిస్తే మొత్తం తొమ్మిది టన్నుల దరిదాపుకు పోతుంది గదా, ఈ తీర్పు నీకు వర్తించదు అని బీమా కంపెనీ వకీలు వాదించకుండా ఉంటాడా? దొరికిన రక్షణను రైతు తన చేత్తో తానే పోగొట్టుకున్నట్లవుతుంది. ట్రాలీకి గానీ ట్యాంకరుకు గానీ సొంతంగా రిజిస్ట్రేషను ఉండాలన్నది కూడా మరవరాదు.

ట్యాంకరు ఒక్కటే గాదు, టమాటా కూడా ఇదే కథ. కక్కలపల్లి మండీకి గానీ మదనపల్లెకు గానీ పోయే పికప్పులను చూడండి. 2005లో టాటా ఏస్ వచ్చినప్పుడు దాని మోత ముప్పాతిక టన్ను, ఇంజను 16 గుర్రాలు. ఛోటా హాథీ అని పేరు పెట్టి, పేరుకు తగ్గట్టు ఏనుగు బరువు వెయ్యడం మొదలుపెట్టారు. ఇప్పటి పెద్ద పికప్పులు రకాన్ని బట్టి టన్నుంపావు నుంచి రెండు టన్నుల దాకా మోస్తాయి. బాక్సుకు 15 కిలోల కాయ అనుకుంటే, 200 బాక్సులకు మూడు టన్నులు. ఖాళీ బాక్సుల బరువు ఎవరూ లెక్కెయ్యరు. ఒక్కొక్కటి కిలోన్నర అనుకున్నా ఇంకో మూడు వందల కిలోలు. తూకం చీటీలో కాయ బరువే ఉంటుంది, ఇరుసు మీద మాత్రం ప్లాస్టిక్కు బరువు కూడా పడుతుంది.

ఎక్కువ ఎందుకు వేస్తారంటే కిరాయి పద్ధతిలోనే ఆ మెలిక ఉంది. ట్రిప్పుకింత అని మాట్లాడుకుంటే, ఇచ్చే కిరాయికి ఇంకో పది బాక్సులు పడనీ అని రైతు అంటాడు. బాక్సుకింత అని మాట్లాడుకుంటే, ఇంకో పది వేస్తే నాకు మిగులుతుంది అని బండి ఆసామి అంటాడు. ఎట్లా మాట్లాడుకున్నా బరువు ఒకే వైపుకు పోతుంది. ఆ ఇద్దరూ చిన్నవాళ్లే. ఒకరి మీద ఒకరు మిగుల్చుకునే ఆ పది బాక్సుల సొమ్ము, మండీలో కమీషన్లూ జాక్‌పాట్ల పేరిట పోయేదానితో పోలిస్తే లెక్కలోకి రాదు. 2023 జూలైలో టమాటా కిలో వంద దాటినప్పుడు దేశమంతా గగ్గోలు పెట్టింది. రెండు మూడు రూపాయలకు పడిపోయి రోడ్డు పక్కన పారబోసిన రోజుల్లో ఎవరికీ వినపడదు. కిలో అయిదు రూపాయలున్న రోజున మూడు టన్నుల సరుకు వెల పదిహేను వేలు. ఆ బండిని ఆపి టన్నున్నర ఎక్కువ అని తేల్చితే జరిమానా ఇరవై వేలు దాటుతుంది. సరుకంతా ఇచ్చేసినా చాలదు. చట్టం రాసినవారు లారీ కంపెనీలను మనసులో పెట్టుకుని రాశారో ఏమో గానీ, చేని గట్టు నుంచి వచ్చే బండిని చూసి మాత్రం రాయలేదు.

2020 సెప్టెంబరులో అనంతపురం నుంచి ఢిల్లీకి కిసాన్ రైలు మొదలుపెట్టారు. రవాణా ఖర్చులో సగం రాయితీ అన్నారు. అరటి, చీనీ, టమాటా ఎక్కించి పంపారు. మంచి పనే. అయితే రైలు స్టేషను దాకా వస్తుంది గానీ చేని దాకా రాదు. చేని నుంచి స్టేషను దాకా ఆ పాత పికప్పే, ఆ పెంచిన పట్టీలే. వేల కిలోమీటర్ల దూరానికి రాయితీ ఆలోచించినవారు మొదటి ముప్పై కిలోమీటర్లను రైతు నడుముకే వదిలేశారు.

మరి రైతు ఏం చెయ్యాలి? చెట్లు ఎండుతుంటే చూస్తూ కూర్చోమని మేము చెప్పము. చెప్పినా వినేవాడు లేడు. బండి పుస్తకంలో లాగే బరువు ఎంతని కంపెనీ రాసిందో ముందు చూడండి. మోసే బరువు గాదు, లాగే బరువు. రాసి లేకపోతే అది లాగడానికి చేసిన బండి కాదని అర్థం. యూరపు దేశాల్లో మొత్తం బరువు 750 కిలోలు దాటిన ట్రాలీకి సొంత బ్రేకు ఉండి తీరాలి. మన ట్యాంకరు దానికి ఎనిమిదింతలు, బ్రేకు సున్నా. ఇది పెద్ద శాస్త్రమేమీ కాదు. ముందరి బండి నెమ్మదిస్తే వెనక ట్రాలీ ముందుకు నెట్టుకొస్తుంది గదా, ఆ నెట్టుడుతోనే ట్రాలీ బ్రేకులు పడేలా చేసే ఏర్పాటు ఆ దేశాల్లో ఎప్పటినుంచో ఉంది. మన షెడ్లలో ఇరుసు తయారు చెయ్యగల కమ్మరి బిడ్డకు ఇది చేతగాని పని కాదు. చెయ్యమని అడిగేవాడు, చేస్తే పరీక్షించి ముద్ర వేసేవాడు కావాలి.

అయిదు వేల లీటర్ల ట్యాంకరు మాత్రం పికప్పుకు కట్టవద్దు, ఎన్ని పట్టీలు వేసినా సరే. అది ట్రాక్టరు పని. ట్రాక్టరు కూడా వాలు మీద బ్రేకు లేని ట్యాంకరుతో బోల్తా పడుతుందన్నది వేరే సంగతి, దాన్ని ఇంకోసారి రాస్తాము. చేతిలో ఉన్నది పికప్పే అయితే తొట్టిలో వెయ్యి లీటర్ల ట్యాంకు కట్టి తోలండి. ట్రిప్పులు ఎక్కువే, డీజిలు ఎక్కువే. పదహారు ట్రిప్పులు ఒక్క రోజులో కావు. ఇద్దరు ముగ్గురు రైతులు కలిసి ఒక ట్రాక్టరును ఎండాకాలమంతటికీ మాట్లాడుకుంటే, ఆసామి ట్రిప్పు ట్రిప్పుకూ రేటు పెంచే అవకాశం తగ్గుతుంది. కొన్ని ఊళ్లలో ఇట్లా చేసుకుంటున్నవారు ఉన్నారు. అట్లాగే వాలు దిగేటప్పుడు ఏ బండైనా సరే గేరు తియ్యవద్దు. ఎక్కేటప్పుడు ఏ గేరు పడుతుందో దిగేటప్పుడూ ఆ గేరే. కలిసొచ్చే డీజిలు కలిసిరాదు.

ప్రభుత్వం వారు చేయగలిగింది కూడా చిన్నదేం కాదు. మార్కెట్ యార్డుల గేటు దగ్గరా, మండీలకు పోయే దారుల కూడళ్లలోనూ రైతుకు ఉచితంగా తూచే వేబ్రిడ్జిలు పెట్టాలి. బరువెంతో తెలియకుండా వచ్చినవాణ్ణి రోడ్డు మీద పట్టుకుని శిక్షించడం న్యాయం కాదు. రవాణా శాఖ ఇన్‌స్పెక్టర్లు ఏటా ఎండాకాలం రాకముందే మండలానికొక రోజు కేటాయించి, ట్యాంకర్లను, ట్రాలీలను వరుసలో నిలబెట్టి బ్రేకులు, హుక్కులు, వెనక ఎర్ర దీపాలు చూడాలి. చెడినదాన్ని బాగుచేసుకోవడానికి గడువు ఇవ్వాలి, ఆ రోజున జరిమానా పుస్తకం ఆఫీసులోనే పెట్టి రావాలి. ట్యాంకర్లు తయారు చేసే షెడ్లు బ్రేకు లేకుండా అమ్మకూడదని కట్టడి చెయ్యాలి. కరువు మండలాల్లో ఊళ్లకు తాగునీరు తోలించే ప్రభుత్వ ట్యాంకర్లకు ట్రిప్పుల లెక్కన డబ్బిస్తారు. ట్రిప్పుకింత అనగానే డ్రైవరు పరుగు పెడతాడు. కనీసం ప్రభుత్వ డబ్బుతో తిరిగే ట్యాంకర్లకైనా బ్రేకు ఉందా అని బిల్లు పాసు చేసే ముందు ఒకసారి చూడవచ్చు.

ఆ షెడ్డు మెకానిక్కును పోయిన వారం మళ్లీ కలిశాము. హుక్కు అడిగినవాళ్లను ట్యాంకరు కూడా వెంట తెచ్చి చూపించమంటున్నాడట. చూపించకపోతే పట్టీలు వేస్తాడు గానీ హుక్కు వెయ్యడు. ముగ్గురు కోపం చేసుకుని పక్క షెడ్డుకు పోయారట. మూడెకరాల చీనీ రైతు సంగతి అడిగాము. ఇంకా ఆ బండితోనే తోలుతున్నాడన్నాడు. ఇప్పటికి రెండుసార్లు క్లచ్ ప్లేటు మార్చుకుని పోయాడట.